వెలగపండు మీద తెల్లపంచె

బహుళ విదియ. కాలేజీ రేవు.

గుల్లడాక్టరు ఇమ్మానుయేలు గారు ఈ పలక ఇచ్చి, మా పడవ సంగతులు రాస్తూ ఉండమన్నారు. ఇందులో రాసింది రాసినట్టు ఆయన పలకలో కనిపిస్తుందట. పడవకి ఏం తినిపించాం, ఎక్కడ కట్టాం, కొడితే ఎలా మోగింది, అంతే. నా గోడు రాయమని ఆయనేం అడగలేదు. రాసేది నేను కాబట్టి అదీ వస్తుంది. అక్కర్లేని చోట ఆయనే దాటేసుకుంటారు.

పడవ పేరు వెలగపండు. మా అత్తగారు పెట్టింది. విత్తు వేసి పెంచిన గుల్లపడవల్లో ఇంత గట్టి పెంకు ఇంకోదానికి లేదని ఆవిడ గొప్ప. మాది పిండిమర పడవ. రేవు రేవుకీ తిరిగి, నీళ్ళలో మునిగిన ఊళ్ళ మేడల మీద ఉండేవాళ్ళకి బియ్యం, కారం, పసుపు ఆడించి పెడతాం. పడవలో ఉండేది నేనూ, మా ఆయన వీరబాబూ. మాకు ఇల్లన్నా పొలమన్నా ఇదే.

పొద్దున డాక్టరు గారు పడవ లోపలి అడుక్కి దిగి, సంతలో కుండ కొనేవాడిలా వేలి కణుపుతో కొట్టుకుంటూ పోయారు. అంతా ఖంగుమంటూనే ఉంది. గోడవైపు, నడిమి దిండు వేలాడే చోటికి వచ్చేసరికి బొప్పాయికాయ మీద కొట్టినట్టు బొదబొదమంది. ఆయన ఇంకోసారి కొట్టి చెవి ఆనించారు.

"ఇక్కడ కొబ్బరిచిప్ప మందం కూడా లేదమ్మా," అన్నారు.

పైకి వచ్చి ఆ దిండుని నీళ్ళలోంచి లాగించారు. పడవకీ రేవు గోడకీ మధ్య వేలాడదీసే దిండ్లవి. గోడ రాపిడి పెంకుకి తగలకుండా అందరూ వాటిలో కొబ్బరిపీచు కూరతారు. డాక్టరు గారు చాకుతో గోనెని చీల్చారు. లోపల్నుంచి ఊక బుడబుడా కారింది.

"ఊక ఎవరు కూరారు?"

మా ఆయన మబ్బుల వైపు చూస్తున్నాడు.

కిందటి వానాకాలం పీచు కుళ్ళిపోతే తనే కూరాడు. మరలో ఊక ఊరికే వస్తుంది కదా అన్నాడు. నేనూ మెచ్చుకున్నాను. మెచ్చుకోవడమేమిటి, ఈ తెలివి పిండిమర వాళ్ళకి తప్ప ఎవరికొస్తుందని రేవంతా చెప్పుకున్నాను. ఊకతో ఇత్తడి బిందెలు తోముతామని ఇద్దరికీ తెలుసు. గోనె కన్నాల్లోంచి బయటకొచ్చిన ఊక, పడవ ఊగినప్పుడల్లా పెంకుని తోముతూ కూర్చుంది. ఏడాదంతా తోమింది.

"పేరు మాత్రం బాగా కుదిరింది. కరి మింగిన వెలగపండు," అన్నారు డాక్టరు గారు. నేను నవ్వలేదు. పైకి నిగనిగలాడుతూ లోపల డొల్ల అని ఇంకో పడవ గురించి అని ఉంటే నేనే ముందు నవ్వేదాన్ని.

ఆయన చెప్పింది ఇది. ఇంక గోడకి ఆనించకూడదు. అమావాస్య పోటుకి, ఆయన ఉండే తీపిమడుగులోకి వచ్చెయ్యాలి. వానాకాలమంతా మంచినీళ్ళలో, దేన్నీ తాకకుండా పడుకోనిస్తే పెంకు మళ్ళీ పోస్తుంది. ఈలోగా కన్నం పడి, ఉప్పునీరు లోపలి పొరకి తగిలితే ఆయన కూడా చెయ్యగలిగింది లేదు. గుల్ల చచ్చిపోతుంది. చచ్చిన గుల్ల సుద్దముక్కలా రాలిపోతుంది.

మడుగు ముందు ఇసుకమేట ఉంది. అమావాస్యకీ ఆ మర్నాడూ వచ్చే పెద్ద పోట్లలోనే పడవ దాన్ని దాటగలదు. అది తప్పితే తుఫాన్ల కాలం, ఇంక దారి ఉండదు. మడుగులో మా పడవకి చోటు ఉంచమని డాక్టరు గారికి చెప్పాను.

తినిపించింది: సున్నపు తేట, మరలో ఆడించిన గుడ్డుపెంకుల పొడి. మా ఆయనకి ఏమీ పెట్టలేదు. తనే పెట్టుకున్నాడు.

బహుళ పంచమి. సినిమాహాలు రేవు.

ఊక మొత్తం దులిపేశాం. పీచు నానబెట్టి, చిక్కులు తీసి, మూడు దిండ్లూ మళ్ళీ కూరాం. గోనె బదులు నా పాత చీరలు మూడు పొరలుగా వేసి కుట్టాను. దిండ్లని మంచినీళ్ళతో కడిగి కట్టాలని డాక్టరు గారు మరీ మరీ చెప్పారు. గరుకు రేవుల్లో సిమెంటు ఇసుక దిండుకి అంటుకుంటే, ఆ దిండే ఉప్పుకాగితం అయిపోతుందట. దిండ్ల బయట అడ్డంగా ఒక చెక్క వేలాడదీశాం. గోడ చెక్కని గీరుకుంటుంది, చెక్క దిండుని నొక్కుతుంది, దిండు పడవని నొక్కుతుంది. ఒకరి కోపం ఇంకొకరి మీదకి పోయినట్టు పోయి, చివరికి పడవ దాకా వచ్చేసరికి కాస్త మెత్తబడుతుంది.

గోడకి ఆనించొద్దనడం తేలికే. పిండిమర పడవ ఎప్పుడూ గోడ పక్కనే. జనం బియ్యం బుట్టలు నెత్తిన పెట్టుకుని తిన్నగా ఎక్కాలి కదా. మిగతా పడవలు మా పక్కన ఒకటి, దాని పక్కన ఒకటి వరసగా కట్టుకుంటాయి. వాటి బరువూ, అలల తోపుడూ అంతా లోపలి పడవ మీదే పడుతుంది. అందుకే బయటి పడవల వాళ్ళు లోపలి పడవకి ఒక గిన్నె కూర పంపాలి. దాన్నే గోడకూర అంటాం. గోడకూర తిన్నాక, మీ పడవ విప్పుకోండి అని ఎవరినీ అనకూడదు. వచ్చిన కూర వద్దని తిప్పి పంపడం అంతకంటే పెద్ద మాట.

మేం తాడు విసిరామో లేదో, మంచినీళ్ళ పడవ మాణిక్యం పిన్ని తన పడవని తెచ్చి మా పక్కన ఆనించింది. ఆవిడ పడవ మా పడవకి రెండింతలుంటుంది. కడుపు నిండా నీళ్ళ పీపాలు. వెంటనే గిన్నె అందించింది. చింతచిగురూ ఎండురొయ్యలూ. మేడల మీద తొట్లలో పెరిగిన చిగురైనా పులుపు బాగుంది.

"తిను రత్నమా, చిక్కిపోయావు," అంది.

నిజం చెప్తున్నాను, నోరూరింది, తిన్నాను. తింటూనే అడుగున బొదబొదమన్న చప్పుడు గుర్తొచ్చి గిన్నె పక్కన పెట్టేశాను.

మోత: నిన్నటిలాగే. చెక్కకి గీతలు పడ్డాయి, దిండ్లు బాగున్నాయి.

బహుళ ఏకాదశి. లంగరు మీద, నడి నీళ్ళలో.

రేవుకి పోకుండా ఇక్కడే ఉన్నాం. గిరాకీ లేదు. పడవకి మాత్రం హాయిగా ఉంది, లోపలి పొర తడిగా, గోరువెచ్చగా తగులుతోంది. బాగున్న గుల్ల అలాగే ఉంటుంది.

మా ఆయన నెమ్మదిగా మొదలెట్టాడు. "రేవులో చెప్పేద్దామే రత్నం. పడవకి బాగోలేదని చెప్తే ఏం పోతుంది?"

"నీకేం పోదు మావా. కాంతానికి పోయింది."

కాంతం మా వరసలోనే తిరిగేది, తట్టబుట్టల పడవ. పోయినేడు తన పెంకు పలచబడిందని నోరు జారింది. అంతే. ఆ పక్కన ఎవరూ పడవ కట్టలేదు. పలచటి పడవలోకి బరువుతో ఎక్కితే ఏమవుతుందోనని కొనేవాళ్ళూ రాలేదు. కాంతానికి తిండికి లేక, పడవని మడుగుకి తీసుకెళ్ళే ఓపిక కూడా లేక, పడవ చచ్చింది. కాంతం ఇప్పుడు గట్టు మీది శిబిరంలో ఉంది. రేకుల షెడ్డు, వరసగా చాపలు. నేనొకసారి చూడ్డానికి వెళ్ళాను. నేల కదలకపోతే నిద్ర పట్టడం లేదంది.

అదంతా మా ఆయనకి తెలుసు. తెలిసీ చెప్పేద్దామంటాడు. తన నోట్లో నువ్వుగింజ నానదు. "ఎవరితోనైనా అన్నావంటే చూడు," అన్నాను. అననన్నాడు. భయపడుతూనే ఉన్నాను.

మోత: బొప్పాయి కాదిప్పుడు. బాగా పండిన బొప్పాయి.

బహుళ త్రయోదశి. ఫ్లైఓవరు రేవు.

ఇక్కడికి రాకూడదనుకున్నాం. ఆగ్నేయం నుంచి అలలు పెద్దవై లంగరు ఈడ్చుకుపోతుంటే తప్పలేదు. ఇసుకమేట ఇక్కడికి కనిపించేంత దూరమే. ఈ అలల్లో మాత్రం దాన్ని దాటలేం. తగ్గేదాకా ఆగాలి.

ఇంత పాడు రేవు ఇంకోటి లేదు. పాత ఫ్లైఓవరు సగం విరిగి నీళ్ళలో పడింది. ఆ విరిగిన అంచే రేవు గోడ. సిమెంటు పెచ్చులు, వాటిలోంచి పొడుచుకొచ్చిన తుప్పు ఇనప చువ్వలు. చువ్వలున్న చోటు తప్పించి చెక్క వేలాడదీయడానికే చెమటలు పట్టాయి. అవతలి వైపు ఫ్లైఓవరు స్తంభాలు వరసగా నిలబడే ఉన్నాయి. వాటి మధ్య ఎవరూ కట్టరు. అది మైల పడవల చోటు. పడవలో చావు జరిగితే తెరచాప కొయ్యకి తెల్లగుడ్డ కట్టి, నాలుగు స్తంభాలకీ నాలుగు తాళ్ళు వేసుకుని, ఉయ్యాలలా నడిమధ్యన ఉంటారు. మైల తీరేదాకా వాళ్ళు ఎవరినీ తాకరు, ఎవరూ వాళ్ళని తాకరు.

గోడ పక్కన పిండిమర చోటు ఖాళీగా ఉంచారు. ఫ్లైఓవరు మీది ఆడవాళ్ళు బుట్టలతో సిద్ధంగా ఉన్నారు. కట్టాం. మాణిక్యం పిన్ని పడవ ముందు వచ్చింది. దాని పక్కన ఇంకో మూడు. మొత్తం ఐదు పడవలం. అల వచ్చినప్పుడల్లా ఆ నాలుగూ కలిసి మమ్మల్ని గోడకేసి నొక్కుతున్నాయి.

గోడకూర వచ్చింది. గోంగూర. మింగలేను, తిప్పి పంపలేను. మూతపెట్టి ఓ మూల ఉంచాను. మా ఆయన మూత తీసి చూస్తే చెయ్యి మీద ఒక్కటిచ్చాను.

బహుళ చతుర్దశి. ఫ్లైఓవరు రేవు.

మధ్యాహ్నం చెక్క విరిగింది. దాని వెనకున్న నా చీరదిండు చువ్వకి చిక్కుకుని పేగుల్లా పీచు బయటపడింది. మా ఆయన రెండో దిండు తెచ్చి అడ్డం పెట్టాడు. నేను లోపల ఎలా ఉందో చూద్దామని అడుక్కి దిగాను.

దీపం పట్టుకెళ్ళలేదు. అవసరం పడలేదు. నడిమి దిండు చోట పెంకులోంచి వెలుతురు వస్తోంది. కోడిగుడ్డుని ఎండకి పట్టుకుని చూసినట్టు, లేత గులాబీ రంగులో, నా అరచెయ్యంత మేర. బయటి నీళ్ళ మీద ఎండ కదులుతుంటే లోపల ఆ వెలుగూ కదులుతోంది. చెయ్యి ఆనిస్తే పెంకు సన్నగా వణుకుతోంది. అక్కడే కూర్చుని కాసేపు ఏడ్చాను. పాతికేళ్ళుగా నన్ను మోసిన దాన్ని నేను మోయలేకపోతున్నానని ఏడుపొచ్చింది.

పైకొచ్చి మా ఆయన పెట్టె తెరిచి తెల్లపంచె తీశాను.

"ఏం చేస్తున్నావే?"

"మైలగుడ్డ కడుతున్నాను."

తను గుడ్లప్పగించాడు. "మనమున్నదే ఇద్దరం. నువ్వు కనబడుతూనే ఉన్నావు. అంటే పోయింది నేనా?"

"నువ్వు లోపల కూర్చో. బయటికి రాకు."

"నా పంచెతోనా," అన్నాడు.

పంచె కొయ్య మీదకి లేచిందో లేదో నాలుగు పడవల వాళ్ళూ మాట్లాడకుండా తాళ్ళు విప్పేశారు. ఒక్కరూ విసుక్కోలేదు. చావు దగ్గర ఎవరు విసుక్కుంటారు. ఫ్లైఓవరు మీది మగవాళ్ళు మా తాళ్ళు అందుకుని స్తంభాలకి బిగించి పెట్టారు. వెలగపండు నాలుగు తాళ్ళ మధ్య, దేన్నీ తాకకుండా నిలబడింది. అలకి లేస్తోంది, దిగుతోంది, అంతే. నా కడుపులో ఉన్న రాయి దిగినట్టయింది.

అప్పుడు గోడవైపు చూశాను. మేం ఖాళీ చేసిన చోట, వరసలో తర్వాతి పడవ ఉంది. మాణిక్యం పిన్నిది. అల వచ్చింది, మిగతా మూడూ దాన్ని నొక్కాయి, ఆ చప్పుడు ఇక్కడిదాకా వినబడింది. నా రాయి తీసి ఆవిడ నెత్తిన పెట్టాను. ఆ సంగతి పంచె కట్టేటప్పుడు తట్టనే లేదు నాకు.

సాయంత్రం పిన్ని తెప్ప మీద వచ్చింది. మైల పడవని తాకకూడదు కనుక మూర దూరంలో ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఎంత పని జరిగిందే రత్నమా, నిన్న కూడా నవ్వుతూ పలకరించాడు," అని రాగం తీసింది. సరిగ్గా ఆ సమయానికి మా ఆయన గది తలుపు తెరుచుకుని బయటికొచ్చాడు. చేతిలో గోంగూర గిన్నె. నోటి నిండా అన్నం.

మా ఆయన మింగాడు.

"బాగుంది పిన్నీ కూర," అన్నాడు.

పిన్ని కొంగు దించింది. "ఎవరు పోయారే మరి?"

"ఇంకా ఎవరూ పోలేదు పిన్నీ. పోకుండా చూసుకుంటున్నాను," అన్నాను. ఇంక దాచి లాభం లేదు. చెయ్యి పట్టుకుని పడవ ఎక్కించి, అడుక్కి తీసుకెళ్ళి, ఆ వెలుతురు చూపించాను. పొద్దు వాలుతోంది కనుక అది ఎర్రగా ఉంది. ఊక సంగతి, డాక్టరు గారి సంగతి, మేట సంగతి, అన్నీ చెప్పాను. తిట్టించుకోవడానికి సిద్ధంగా నిలబడ్డాను. ఆవిడ తిడితే రేవులన్నిటికీ వినబడుతుంది.

పిన్ని ఆ వెలుతురు మీద చెయ్యి పెట్టింది.

"నా పడవ ఇప్పుడు గోడకుంది," అంది.

"తెలుసు పిన్నీ. నాదే తప్పు. నేను అది ఆలోచించలేదు."

"నాది రెండు చోట్ల ఇలాగే ఉంది. ఒకటి నీ దానికంటే పెద్దది. పీపాలు అడ్డం పెట్టి దాచాను."

"రెండేళ్ళుగా ప్రతి రేవులోనూ అందరికంటే ముందొచ్చి నీ పక్కనే ఎందుకు కడుతున్నాననుకున్నావు? ఊరికే కూరలు వండి పెట్టే మొహమేనా నాది? నువ్వు గోడ పక్కనుంటే నేను ఉండక్కర్లేదు కదా." ఆవిడ వెలుతురు మీంచి చెయ్యి తీసింది. "ఇదే నా కొంప కూడానే రత్నమా. నేను ఆ రేకుల షెడ్డులో పడుకోలేను."

అవతల ఇంకో అల గోడకి కొట్టుకుంది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం. పిన్ని లేచి కొంగు బిగించింది.

"తెల్లపంచె ఇంకోటుందా?"

అమావాస్య. ఫ్లైఓవరు రేవు.

ఇప్పుడు మా ఆయనకి కట్టుకోవడానికి లుంగీ ఒక్కటే మిగిలింది. పిన్ని పడవ మా పక్క స్తంభాల మధ్యకి వచ్చింది. పొద్దున నిన్నటి వరసలోని ఎండు చేపల పడవ అబ్బులు తెప్ప మీద వచ్చి, తన పెంకు సంగతి ఎత్తకుండా, "పిన్నీ, పాత పంచెలేమైనా ఉన్నాయా" అని అడిగాడు. మిగతా రెండు పడవల వాళ్ళు అడగను కూడా అడగలేదు. ఒకరు దుప్పటి కట్టారు, ఇంకొకరు పిండి జల్లించే గుడ్డ. ఆ గుడ్డ నాదే, ఎప్పుడో పట్టుకెళ్ళి ఇవ్వలేదు. ఎక్కడుందో ఇప్పుడు తెలిసింది.

గోడ పక్కన ఒక్క పడవ లేదు. అలలు ఒట్టి సిమెంటుని కొట్టుకుంటున్నాయి, కొట్టుకోనీ. రేవు పెద్ద, చెట్టంత మనిషి, ఫ్లైఓవరు అంచున నిలబడి నోటికి చేతులడ్డం పెట్టుకుని అరిచాడు.

"ఐదిళ్ళలోనూ ఒకేసారి చావేమిటమ్మా? ఏం రోగం వచ్చింది మీకు?"

పిన్ని నా వైపు చూసింది. నేను పిన్ని వైపు చూశాను. ఏళ్ళ తరబడి ఈ మాట అనడానికే కదా అందరం భయపడి చచ్చింది.

"మా పెంకులు పలచబడ్డాయండీ. ఐదింటివీ," అన్నాను.

ఆయన మా కొయ్యల మీది గుడ్డలు ఐదూ వేలితో లెక్కపెట్టుకున్నాడు. తర్వాత, "మరి మా పిండో?" అన్నాడు.

తాడుకి బుట్ట కట్టి పంపమన్నాను. మర తిప్పితే పెంకు అదురుతుందేమోనని భయపడ్డాను గానీ, మర అవతలివైపు ఉంది, చెయ్యి ఆనించి చూస్తూ నెమ్మదిగా తిప్పాను. మధ్యాహ్నం దాకా బుట్టలు తాళ్ళ మీద వస్తూ పోతూనే ఉన్నాయి. కాస్త కారం నీళ్ళపాలైంది. బరువు మోసుకుని నడిచి ఎక్కే బాధ తప్పిందని ఆడవాళ్ళు సంతోషించారు కూడా. కాంతం ఇవన్నీ చూడలేదే అనుకున్నాను. ఒక్క ఏడాది ముందు మాలో ఎవరైనా నోరు విప్పి ఉంటే దాని పడవ ఉండేది. ఆ బాధ నాకు పోదు.

సాయంత్రానికి అలలు తగ్గాయి. నేను అడుక్కి దిగి వేలి కణుపుతో కొట్టి చూసుకున్నాను. ఇన్నాళ్ళూ ఎవరూ వినకుండా మర చప్పుడులో కొట్టేదాన్ని. ఇవాళ మర ఆపేసే కొట్టాను. నేను ఆపగానే పిన్ని పడవలోంచి టక్ టక్ మని వినబడింది. తర్వాత అబ్బులు పడవలోంచి. ఆ తర్వాత మిగతా రెండిట్లోంచీ. ఎవరి పడవ ఎక్కడ ఖంగుమంటోందో, ఎక్కడ బొదబొదమంటోందో నీళ్ళ మీద అందరికీ వినబడుతోంది. ఎవరూ దాచలేదు.

"నీకు కుడివైపు వెనక కూడా ఉందిరా అబ్బులూ," అని కేకేసింది పిన్ని.

"తెలుసులే పిన్నీ," అన్నాడు వాడు.

మోత: అదే పండు బొప్పాయి. పగల్లేదు. తినిపించింది: ఆఖరి సున్నపు తేట, ఐదు పడవలకీ పంచాం. నా వంతు గోంగూర మా ఆయన మిగల్చలేదు.

శుద్ధ పాడ్యమి. మేట ముందు, పోటు కోసం ఎదురుచూస్తూ.

డాక్టరు గారూ, నీళ్ళు ఎక్కుతున్నాయి. ఇంకాసేపట్లో దాటుతాం. దిండ్లు కడిగి లోపల పెట్టేశాం. పక్కన ఎవరికీ తగలకుండా ఒకరి వెనక ఒకరం వస్తున్నాం. కొయ్యల మీద తెల్లగుడ్డలు చూసి కంగారు పడకండి, ఎవరూ పోలేదు. మడుగులో ఒక్క పడవకే చోటు ఉంచమని చెప్పాను కదా. ఐదుకి చూడండి.